పొందూరు పేరు పత్తి చేలో ఉంది

ఫ్రాన్సు దేశంలో నైరుతి మూల, బోర్డో నగరానికి దగ్గర్లో సెంట్ ఎమిలియాన్ అనే చిన్న ఊరుంది. వైన్‌కు పేరుమోసిన ఊరు. 8వ శతాబ్దంలో ఎమిలియాన్ అనే సన్యాసి అక్కడి కొండగుహలో ఉండేవాడని చెబుతారు. ఆయన పేరే ఊరికి నిలిచింది. తరవాతి కాలంలో అదే సున్నపురాతి కొండను లోపలికి తొలిచి పెద్ద చర్చి ఒకటి మలిచారు. 1199లో ఇంగ్లండు రాజు జాన్ ఆ ఊరి పెద్దలకు తమ పాలన తామే చూసుకునే హక్కు పత్రం రాసిచ్చాడు. రాతి చర్చి, గంటల గోపురం, పాత కోట గోడలు, చూడవచ్చిన వాళ్లకు చూపించడానికి అక్కడ చాలా ఉన్నాయి. అయినా 1999లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకున్నప్పుడు ఈ కట్టడాల దగ్గర ఆగలేదు. ఆ ఊరితో కలిపి 8 గ్రామాల ద్రాక్షతోటలను, ఆ తోటల మట్టిని, వాలును కలిపి తీసుకుంది. ద్రాక్షతోటల సీమ ఒకటి సాంస్కృతిక దృశ్యంగా ఆ జాబితాకెక్కడం అదే మొదలు. ఆ ఊరిని నిలబెట్టినది తోట మీద వచ్చిన రాబడే కదా. తోటను వదిలేసి గోపురాన్ని మాత్రం కాపాడితే ఆ గోపురం అక్కడ ఎందుకుందో చెప్పేవాళ్లుండరు. ఉత్తరాంధ్రలో పంట మీద పేరు తెచ్చుకున్న మన ఊరు ఒకటుంది. దానికి కూడా ఇదే న్యాయం జరగాలన్నది ఈ ప్రసంగంలో నా వాదన. ఆ ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు, పంట పత్తి.

శ్రీకాకుళం జిల్లాలో చూడదగ్గ చోట్లేమిటని అడిగితే మనం తడుముకోకుండా చెప్పేవి కొన్నున్నాయి. అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం, శాలిహుండం బౌద్ధస్తూపాలు, కళింగపట్నం దీపస్తంభం, శ్రీకాకుళం పట్నంలో 1641 నాటి జామియా మసీదు. ఇవన్నీ గొప్పవే. వీటిని చూసుకోవడానికి దేవాదాయ శాఖ ఉంది, పురావస్తు శాఖ ఉంది, వక్ఫ్ బోర్డు ఉంది. పొందూరు పేరు ఈ వరసలో వచ్చినా అంగడి పేరుగానే వస్తుంది. వెళ్లి ఖాదీ పంచెల జత కొనుక్కొచ్చే చోటుగా వస్తుంది. ఇందులో తప్పు మనది మాత్రమే కాదు, మన చట్టానిది కూడా. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కట్టడాన్ని, గుహను, శిల్పాన్ని, శాసనాన్ని గుర్తిస్తుంది, అదీ వందేళ్లకు తగ్గని వయసుంటేనే. ఏటా విత్తి, ఏటా కోసి, మళ్లీ విత్తే పంటకు అందులో చోటు లేదు. అయితే పొందూరు విషయంలో వందల ఏళ్లుగా నిలిచి ఉన్నది ఏదో చూస్తే, ఆ మొక్కే కనబడుతుంది. మగ్గాలు మారాయి, ఇళ్లు మారాయి, బేరగాళ్లు మారారు. ఆ పత్తి, దాన్ని నూలుగా మార్చే చేతిపని తీరు మటుకు పెద్దగా మారలేదు.

ఆ పత్తిని కాస్త దగ్గరగా చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండవాలుల్లో, మెట్ట నేలల్లో పండే కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అనే దేశవాళీ రకాలు పొందూరు సన్న నూలుకు మూలం. వీటి పింజె, అంటే పీచు, పొట్టిది. పొందూరు ఇళ్లలో ఆడవాళ్లు ముందుగా ఈ పత్తిలోని ఆకు, చెత్త ఏరేస్తారు. తరవాత వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. వాలుగ మన నదుల్లో, చెరువుల్లో పెరిగే పెద్ద చేప. దాని దవడ మీద కంటికి సరిగా ఆనని సన్నటి పళ్లు దట్టంగా వరసలు కట్టి ఉంటాయి. చిన్న పిడికెడు పత్తిని, ఇంకా గింజ ఉండగానే, ఆ పళ్ల మీద మెల్లగా లాగుతుంటే పీచులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. నలక, నుసి ఆ పళ్లకు చిక్కి ఉండిపోతాయి. తరవాత దువ్విన పత్తిని చెక్క మీద పరిచి, పైన సన్నటి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ చితక్కుండా పక్కకు జారుతుంది. ఆ గింజ మళ్లీ విత్తనానికి పనికొస్తుంది. ఆపైన ఏకడం, మెత్తబరచడం, ఏకులు చుట్టడం. చుట్టిన ఏకుల్ని గాలికి రేగకుండా, తడి ఆరకుండా అరటి దవ్వ పొరల్లో దాస్తారు. చివరికి ఒక్క కదురు రాట్నం మీద వడుకుతారు. ఈ పనుల్లో ఏ ఒక్కటీ అలంకారానికి పెట్టుకున్నది కాదు. ఒక్కో పనిముట్టు ఆ పొట్టి పింజె పత్తి అవసరాన్ని బట్టి వచ్చింది.

నా వాదనకు ఇదే ఆయువుపట్టు కాబట్టి మరికాస్త వివరిస్తాను. మిల్లులో సన్న నూలు తీయాలంటే పొడుగు పింజె కావాలి. అక్కడి దువ్వెన యంత్రం పొట్టి పీచుల్ని వ్యర్థం కింద ఏరి పారేస్తుంది. అంటే మిల్లు లెక్కలో మన కొండపత్తి సన్న నూలుకు పనికిరాని సరుకు. అదే పత్తిని చేప దవడతో దువ్వి, చేత్తో ఏకి, చేత్తో వడికితే 100 కౌంటు నూలు వస్తుంది. కౌంటు అంటే ఏమిటో అంకెల్లో చెబుతాను. ఒక పౌను పత్తిలోంచి 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. 100 కౌంటు అంటే పౌనుకు 84,000 గజాలు, దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు. అరకిలోకు లోపు పత్తిలోంచి తీసిన దారాన్ని శ్రీకాకుళంలో కొస పట్టుకుని విజయనగరం దాకా పరవచ్చు. యంత్రం వద్దని పారేసిన పీచులోంచి మనిషి చేయి ఇంత పొడుగు దారం తీసింది. పొందూరు ఘనత నేతలో కూడా ఉంది, కాదనను. కానీ చక్కగా నేసే ఊళ్లు మన రాష్ట్రంలో మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ అని ఎన్నో ఉన్నాయి. చేలో పత్తి దగ్గర్నుంచి మగ్గం మీది బట్ట దాకా మొత్తం దారి ఒక్క సీమలోనే, చేతిమీదే నడవడం పొందూరు ప్రత్యేకత. 1920లలో గాంధీజీ ఈ బట్ట సంగతి విని, తన కుమారుడు దేవదాస్ గాంధీని పొందూరు పంపించి పని తీరు తెలుసుకున్నదీ ఇందుకే. 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఆ పేరులో సన్నదనానికి ముందు చోటివ్వడం గమనించండి.

మొక్క పోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, అది జరిగి చూపించిన ఊరు మనకు తూర్పున ఉంది. ఢాకా మస్లిన్ గురించి వినని వాళ్లుండరు. మేఘ్నా నది ఒడ్డున పండే ఫుటి కార్పాస్ అనే పత్తితో దాన్ని నేసేవారు. మన కొండపత్తిలాగే అదీ దేశవాళీ పత్తి జాతిదే, పొట్టి పింజెదే. 19వ శతాబ్దంలో ఢాకా బట్టల తయారీ గురించి రాసిన ఆంగ్లేయులు అక్కడి వాళ్లు పత్తి దువ్వడానికి బోవాల్ చేప దవడ వాడేవారని నమోదు చేశారు. ఆ బోవాలే మన వాలుగ. గంగ, బ్రహ్మపుత్రల ముఖద్వారం నుంచి నాగావళి దాకా తూర్పుతీరంలో ఒకే రకం పత్తికి ఒకే చేప పళ్లు పనికొచ్చాయన్నమాట. ఈస్టిండియా కుంఫిణీ కాలంలో చికాకోల్ అనే పేరుతో పిలిచిన మన శ్రీకాకుళం కూడా సన్నటి మస్లిన్‌కు ప్రసిద్ధి. ఆ తరవాత రెండు కథలూ వేరువేరు దారులు పట్టాయి. కుంఫిణీ ఒత్తిడికి, మాంచెస్టర్ నూలు పోటీకి ఢాకా పని కూలిపోయింది. కొనేవాడు లేక రైతు విత్తడం మానేశాడు, మొక్క మాయమైంది. మొన్నమొన్న బంగ్లాదేశ్ వాళ్లు మస్లిన్‌ను తిరిగి నేయాలనుకున్నప్పుడు మగ్గం ఉంది, నేతగాళ్లూ ఉన్నారు. జామ్దానీ నేసే చేతులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. పత్తి మాత్రం లేదు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో ఎప్పుడో ఎండబెట్టి దాచిన మొక్క నమూనాను ఆధారం చేసుకుని, నది ఒడ్డున దానికి పోలిక ఉన్న మొక్క కోసం వెతుక్కోవలసి వచ్చింది. పొందూరుకు ఆ గతి ఇంకా పట్టలేదు. పత్తి ఉంది, దవడ ఉంది, వడికే చేయి ఉంది. ఉన్నప్పుడు కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు, పోయాక వెతుక్కోవడానికి అయ్యే ఖర్చులో చిన్న వంతు కూడా ఉండదు.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా ఉంటుంది. ఏ పత్తి అయితేనేం, నేత బాగుంటే చాలదా? మిల్లులో శుభ్రం చేసిన పత్తి తెచ్చి, ఆరేడు కదుళ్ల అంబర్ చరఖా మీద వడికితే నూలు ఎక్కువ వస్తుంది, కూలీ ఎక్కువ వస్తుంది కదా? ఈ మాటలో నిజముంది. అంబర్ చరఖా ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, పొందూరు ప్రాంతంలో ముతక, మధ్యరకం నూలుకు దాన్ని ఇప్పుడూ వాడుతున్నారు. వాడనివ్వండి. కానీ అంబర్ చరఖా నూలుతో నేసిన ఖాదీ దేశంలో చాలాచోట్ల దొరుకుతుంది. దాని కోసం పొందూరు దాకా వచ్చేవాడెవడు? పొందూరు పంచె కట్టిన వాళ్లు చెప్పే మెత్తదనం, ఉతికే కొద్దీ బట్ట తేరడం, ఎండాకాలంలో ఒంటికి చల్లగా ఉండడం, ఇవి ఆ పొట్టి పీచు నుంచి, యంత్రం నలపని దాని సహజ స్థితి నుంచి వచ్చినవి. పత్తి మారితే దవడ అక్కర్లేదు, దవడ అక్కర్లేకపోతే ఆ విద్య తెలిసిన ఆడవాళ్లు అక్కర్లేదు. ఒక తరం గడిస్తే ఏ ముసలమ్మ దగ్గరా నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. పత్తి మార్చడం అంటే సరుకు మార్చడం మాత్రమే అనుకోవడం పొరపాటు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. దిగుబడి తక్కువైన పత్తిని వారసత్వం పేరు చెప్పి పేద రైతు నెత్తిన రుద్దడం న్యాయమా? పక్క చేలో సంకర పత్తి, మొక్కజొన్న కళ్లముందు డబ్బు తెస్తుంటే, గిరిజన రైతు మన ముచ్చట కోసం కొండపత్తి వేయాలా? న్యాయం కాదు. ఈ విషయంలో నాకు ఎలాంటి తటపటాయింపూ లేదు. పేదవాడి కష్టం మీద పెద్దవాడి ముచ్చట తీర్చే ఏ పథకాన్నీ నేను సమర్థించను. ఇక్కడే సెంట్ ఎమిలియాన్ మనకు అసలు పాఠం చెబుతుంది. అక్కడ రైతు తోటను నిలబెట్టింది ఊరి మీద ప్రేమ ఒక్కటే అయితే ఆ తోట ఎన్నడో పోయేది. ఊరి పేరు సీసా మీద ఉంటే ధర పెరుగుతుంది, పెరిగిన ధరలో రైతుకు వాటా వస్తుంది, ఆ పేరు వాడుకోవాలంటే ఆ నేల మీద పండిన ద్రాక్షే వాడాలని చట్టం ఉంది. ఫ్రాన్సులో ఆ చట్టం 1935 నాటిది. అంతకు చాలా ముందు, 1756లో, పోర్చుగల్‌లో డౌరో నది లోయలోని ద్రాక్షతోటలకు సర్కారు హద్దులు ఏర్పరచి, తరవాతి ఏళ్లలో ఆ హద్దుల వెంట మూడు వందలకు పైగా గ్రానైటు రాళ్లు పాతించింది. ఈ రాళ్ల లోపల పండినదే ఆ పేరుతో అమ్మాలి, ఇదీ లెక్క. మన దగ్గర పొందూరు పంచె అంగట్లో ఏ ధర పలికినా, కొండవాలులో పత్తి కోసిన మనిషికి ఆ ధరతో సంబంధం తెగిపోయి ఉంది. వడికే ఆడవాళ్ల సంగతి అంతకన్నా కష్టం. రోజంతా కూర్చుని తీసిన నూలుకు వచ్చే కూలీ చాలక వాళ్ల కూతుళ్లు, కోడళ్లు రాట్నం దగ్గర కూర్చోవడం లేదు. చేను కాపాడాలన్న మాట ధర మాటతో మొదలుకావాలి. ధర కుదరనప్పుడు ఎంత గొప్ప గుర్తింపు పత్రమైనా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

దిగుబడి గురించి మరో మాట. దేశవాళీ పత్తి వాన మీద పండుతుంది, ఎరువులు, పురుగుమందులు ఎక్కువ అడగదు, ఇతర పంటల మధ్య అంతరపంటగా నిలబడుతుంది. కనుక లెక్క వేసేటప్పుడు ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అన్న ప్రశ్నతో పాటు ఖర్చు ఎంత, నష్టభయం ఎంత అన్నవి కూడా వేయాలి. అమెరికన్ జాతి పత్తి పక్కనే ఉంటే దేశవాళీ పత్తి కలుషితమైపోదా అని కొందరు భయపడతారు. మన దేశవాళీ పత్తిలో క్రోమోజోములు 26, అమెరికన్ జాతిలో 52. ఈ తేడా వల్ల అవి రెండూ తేలిగ్గా కలవవు. గాలికి, తేనెటీగకు ఇందులో పెద్ద పాత్ర లేదు. కొండపత్తికి ప్రమాదం రైతు విత్తడం మానేయడం వల్ల, విత్తనాలు గోదాములో కలిసిపోవడం వల్ల వస్తుంది. ఈ రెండూ మనిషి చేసేవే, మనిషే సరిదిద్దగలడు. కడ్డీతో చేత్తో గింజ తీసే పద్ధతి బతికున్నంత కాలం పొందూరు వాకిళ్లే విత్తన నిధులు. నూలు కోసం చేసే పనిలోనే విత్తనం విడిగా, చెక్కుచెదరకుండా దక్కుతుంది. ఇంత తెలివైన ఏర్పాటు మన పెద్దలు చేసిపెట్టారు.

ఇంకో అభ్యంతరం విలువలకు సంబంధించినది. గాంధీజీ పేరుతో ముడిపడ్డ ఖాదీని, ఆయన జీవితాంతం వ్యతిరేకించిన మద్యంతో పోల్చడమేమిటి? పైగా వైన్ ధనవంతుల వినోదం, ఖాదీ పేదల బతుకుతెరువు. ఈ బాధ నాకు అర్థమవుతుంది. నేను తాగే అలవాటును మెచ్చుకోవడం లేదు. ఒక పంటను, ఒక నేలను, ఒక ఊరి పేరును కలిపి కాపాడే పద్ధతిని వాళ్లు ముందు కనిపెట్టారు, ఆ పద్ధతి మనం తీసుకోవచ్చు. మద్యం పేరు వద్దనుకుంటే మన దేశంలోనే డార్జిలింగ్ ఉంది. 1999లో మన పార్లమెంటు చేసిన భౌగోళిక సూచికల చట్టం కింద తొలి నమోదు డార్జిలింగ్ టీదే. అక్కడ పేరుకు అర్హత ఉన్నది 87 తోటలకు. ఆ తోటల్లో పండని ఆకు, ఎంత బాగున్నా, డార్జిలింగ్ కాదు. వైన్ సీమల గురించి ఎవరైనా గట్టిగా ఎదురు ప్రశ్న వేయాలనుకుంటే ఇది వేయవచ్చు: ఫ్రాన్సు తోటలు మాత్రం పాతవా? 19వ శతాబ్దపు రెండో సగంలో ఫిల్లాక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి తోటలన్నీ పాడుచేస్తే, అమెరికా నుంచి తెచ్చిన వేరు మొక్కల మీద తమ ద్రాక్షను అంటుకట్టుకున్నారు కదా? అవును, కట్టుకున్నారు. వేరు పరాయిదైనా కాయ కాసే కొమ్మను మాత్రం మార్చుకోలేదు. పొందూరులో కూడా రాట్నానికి బేరింగులు వేసుకోవచ్చు, కూర్చునే పీట మార్చుకోవచ్చు, ఏకే పని తేలిక చేసే సాధనం ఏదైనా వస్తే తెచ్చుకోవచ్చు. పీచును మాత్రం మార్చకూడదు.

ఇక చట్టాల సంగతి. పొందూరు ఖాదీకి ఏ గుర్తింపు అయినా, అది బట్టను కాపాడుతుందా, పత్తిని కూడా కాపాడుతుందా అన్నది ఆ దస్తావేజులో పత్తి గురించి రాసిన మాటను బట్టి ఉంటుంది. అందులో కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అని రకాల పేర్లు, పండే మండలాల హద్దులు స్పష్టంగా ఉండాలి. పేరుకు తగ్గ చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డౌరో రాళ్లలా కనబడాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతులు తరతరాలుగా కాపాడిన రకాలను వాళ్ల పేరుతోనే నమోదు చేయించే వీలుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టంలో, స్థానిక సంస్థలను సంప్రదించి కొన్ని చోట్లను జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అంటే కట్టడాల చట్టంలో దొరకని చోటు ఈ చట్టంలో దొరుకుతుంది. కొత్త శాసనం కోసం ఢిల్లీ దాకా వెళ్లి ఎదురుచూడనక్కర్లేదు. కొండవాలు పంచాయతీలు, వడికే మహిళలు, పొందూరు ఖాదీ సంఘం, వ్యవసాయ పరిశోధన కేంద్రం కలిసి కూర్చుంటే దరఖాస్తు రాయడానికి కావలసిన తెలివంతా అక్కడే ఉంది. వాలుగ చేప సంగతి కూడా అదే దరఖాస్తులో ఉండాలి. చెరువుల్లో పెంపకపు చేపలు పెరిగి, నదుల్లో నీళ్లు తగ్గితే ఆ దవడలు దొరక్కపోవచ్చు, అప్పుడు పత్తి ఉన్నా పని ఆగుతుంది.

పర్యాటకుల కోసం ఏం చేయాలని అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. అరసవల్లి, శ్రీకూర్మం చూడవచ్చిన వాళ్లు పొందూరు చేరడం కష్టం కాదు. హౌరా, చెన్నై రైలు మార్గంలో దూసి తరవాతి స్టేషను అదే. వచ్చిన మనిషికి అంగడితో పాటు చేను చూపించండి, చేనుకు దారి వేయండి. కానీ ఆ చేను ఉండాలంటే ముందు విత్తాలి. విత్తే ముందు రైతుకు ధర తెలియాలి. పునాస విత్తుకు అదునుండగానే, తొలకరికి ముందే, కొండపత్తి కిలో ఇంతకు కొంటామని సంఘం, ఖాదీ కమిషన్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి రాతమూలంగా ప్రకటించాలి. ఆ ధర సంకర పత్తి మీద రైతుకు మిగిలే ఆదాయానికి తగ్గకుండా ఉండాలి. పంచె అమ్మిన ధరలో పత్తికి ఎంత, వడికిన చేతికి ఎంత, నేసిన చేతికి ఎంత అన్నది ప్రతి బట్ట మడత మీద అచ్చువేసి ఉండాలి. కొనేవాడు ఆ లెక్క చదివి, తన డబ్బు ఏ కొండవాలు దాకా వెళుతుందో తెలుసుకునే కొంటాడు.